ఊకెరా మొక్కలు

మొన్న మా కోడలు ఫోనులోనే చూసి, ఫోనులోనే తెప్పించిన మొక్క ఒకటి అట్టపెట్టెలో మా ఇంటికి వచ్చింది. ఈ కాలంలో ఉప్పు పప్పులే కాదు, మొక్కలు కూడా గుమ్మం దాకా వచ్చి గంట కొడుతున్నాయి కాబట్టి అందులో వింతేమీ లేదు. కోడలు పెట్టె విప్పి, తడి కొబ్బరిపీచు దులిపి, మొక్కను కుండీలో నిలబెట్టి, దాని మెడకు కట్టిన చీటీని కూడబలుక్కుంటూ "హ్యూ... కెరా అట మామయ్యా" అంది. నా చేతిలో పేపరు అలాగే ఉండిపోయింది. వంకాయ రంగు ఆకు, దాని మీద వెండి పూత, మధ్యలో ముదురు ఈనెలు. చూడగానే పోల్చుకున్నాను. ఎప్పుడో తొంభైలలో బహ్రెయిన్‌లో ఒక అద్దాల వసారాలో వదిలేసి వచ్చాననుకున్న మొక్క, నా ముసలితనంలో చిరునామా వెతుక్కుంటూ వచ్చి నా ఎదుట నిలబడింది.

మా తరం వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. మా జగిత్యాల వైపు మనిషి మస్కట్ పోయినా, బహ్రెయిన్ పోయినా "దుబాయి పోయిండు" అనే అనేవాళ్లు. అలా నేనూ దుబాయి పోయాను. నాకు వీసా పంపింది మా బావ, అంటే మా అక్క భర్త. ఆయన అప్పటికి చాలా ఏళ్లుగా అక్కడ ఒక పెద్ద బంగళాలో తోటమాలి. పొలం పని చేసిన చేతులకు తోట పని ఎంతలే అనుకుంటూ నేను విమానం దిగాను. అక్కడి నేల నా పొగరు వారంలోనే దించింది. తవ్వితే ఇసుక, తోడితే ఉప్పునీళ్లు. ఆ నీళ్లు పోసి ఆరనిస్తే మట్టి మీద తెల్లగా పొక్కు కట్టేది.

ఆ బంగళా యజమాని, మా కఫీల్, అంటే మా వీసాలకు పూచీదారు, ఉన్నంతలో మంచివాడే. పాస్‌పోర్టులు అందరిలాగే ఆయనా తన అల్మారాలోనే పెట్టుకునేవాడు గానీ, నోరు చెడ్డది కాదు. ఆయన భార్య ఇంగ్లాండు ఆవిడ. చల్లని దేశంలో పుట్టి ఈ కొలిమిలోకి కాపురానికి వచ్చిన ఆ తల్లికి పుట్టింటి బెంగ ఎక్కువ, ఆ బెంగంతా మొక్కల మీద తీర్చుకునేది. పుట్టింటికి వెళ్లినప్పుడల్లా వాళ్ల అమ్మ తోటలోంచి ఈ హ్యూకెరాలను తెచ్చుకునేది. వాటికి పువ్వు పెద్ద గొప్పేమీ కాదు, సన్నని కాడకు చిన్న చిన్న గంటల్లా వేలాడుతుంది. సంగతంతా ఆకులో ఉంది. ఒకటి నల్లద్రాక్ష రంగు, ఒకటి వెండి పూత, ఒకటి పచ్చటి ఆకు మీద సున్నం చిలకరించినట్టు తెల్లచుక్కలు. ఎండ తగిలితే మాడిపోతాయి, నీళ్లు నిలిస్తే కుళ్లిపోతాయి, ఉప్పునీళ్లయితే ఆకుల అంచులు కాలిపోతాయి. బహ్రెయిన్‌లో బతకవలసిన మొక్కలు కావవి. అయినా ఉత్తరం వైపు అద్దాల వసారాలో ఏసీ పెట్టించి మరీ వాటిని బతికించేది.

ఆ పేరు మా నోళ్లు తిరిగే పేరా? ఆ ఇంగ్లాండు మేడమ్ "హ్యూకెరా" అని పలికితే మా బావకు "ఊకెరా" అని వినబడింది. మా వైపు వాళ్లకు దీని అర్థం విప్పనక్కరలేదు గానీ, మిగతావాళ్ల కోసం చెబుతాను. ఊకె అంటే ఊరికే. ఊకె రా అంటే పని లేకపోయినా, చేతిలో ఏమీ లేకపోయినా సరే, ఊరికే రమ్మని. "ఏం మొక్కరా ఇది, పొద్దుగాల లేస్తే ఊకె రా, ఊకె రా అని పిలుస్తది, పోదామంటే పాస్‌పోర్టు లేకపాయె" అని బావ నవ్వించేవాడు. బంగళా డ్రైవరు హైదరాబాదు వాడు, మేమంతా చాచా అనేవాళ్లం, ఆయన కూడా ఊకెరా అనే అనేవాడు. చివరికి మేడమ్ కూడా మా ముందు అలాగే అనడం మొదలుపెట్టింది.

ఆ మొక్కలను కలపడం ఒక విద్య. నల్లవన్నీ ఒక చోట పెడితే నీడలో కలిసిపోయి కుండీలు ఖాళీగా ఉన్నట్టు కనబడతాయి. నల్లదాని పక్కన వెండిది ఉండాలి, వెండిదాని పక్కన చుక్కలది ఉండాలి, వెనకాల ఫెర్న్ మొక్క పచ్చగా లేవాలి. మేడమ్ కుండీలను అటూ ఇటూ జరిపించి, దూరం నడిచి చూసి, మళ్లీ జరిపించేది. బావ ఒకరోజు ఆమె లేనప్పుడు వాటిని గుండ్రంగా, కింద పెద్దవి, ఇటుకల మీద చిన్నవి, రంగు తర్వాత రంగుగా పేర్చాడు. అది అచ్చం బతుకమ్మ. మా అక్క తంగేడు మీద గునుగు, గునుగు మీద బంతి పేర్చే తీరు అది. మేడమ్ వచ్చి చూసి చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత ఆ వరస ఎవరూ మార్చలేదు.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి. అక్కడి వేసవిలో ఎండ ఒక్కటే కాదు, సముద్రపు ఉక్క. ఆ ఉక్కకు ఏసీ గొట్టాల నుంచి నీళ్లు ధారగా కారేవి. బావ ప్రతి గొట్టం కింద ఒక బకెట్ పెట్టేవాడు. ఉప్పులేని నీళ్లు అవి, ఊకెరాలకు అవే పోసేవాళ్లం. తోటంతటికీ ఒక నీళ్లు, ఆ మహారాణులకు ఒక నీళ్లు. పొద్దున్నే బకెట్లు మోసుకొచ్చి, బయటి ఉక్కకు వెచ్చబడ్డ ఆ నీళ్లు చల్లారిన తర్వాత, ఆకు తడవకుండా మొదట్లో పోయాలి. మొదలు పైకి లేచి వేరు కనబడితే తీసి మళ్లీ లోతుగా నాటాలి. ఇవన్నీ బావ నాకు తిట్టి నేర్పాడు.

ఇక ఆ ఎండాకాలం. అంతకుముందు చలికాలంలోనే బావ సెలవు మీద ఇంటికి వెళ్లి వచ్చాడు. వచ్చిన కొన్నాళ్లకు అక్క కడుపుతో ఉందని తెలిసింది. పెద్దది ఆడపిల్ల, బడికి పోయే వయసు. మళ్లీ ఇన్నాళ్లకు కాన్పు. బావ ఆనందానికి పట్టపగ్గాలు లేవు. శుక్రవారం శుక్రవారం చాచా మమ్మల్ని ఫోను డబ్బా దగ్గరికి కారులో తీసుకెళ్లేవాడు. మా ఊళ్లో కోమటాయన దుకాణంలో ఒకే ఫోను ఉండేది. ఆయన మనిషిని పంపి అక్కను పిలిపిస్తే, మేము మళ్లీ చేసి మాట్లాడేవాళ్లం.

ఏడో నెల వచ్చేసరికి అక్కకు కాళ్లూ చేతులూ వాస్తున్నాయని, కళ్లు మసకలు కమ్ముతున్నాయని తెలిసింది. అప్పటికి మేడమ్ ఎండలకు తాళలేక ఇంగ్లాండు వెళ్లిపోయింది, పోతూ పోతూ ఊకెరాలను బావ చేతిలో పెట్టి పోయింది. బావ కఫీల్‌ను అడిగాడు. ఆయన, ఎమర్జెన్సీ అయితే రేపే పో, కాకపోతే మేడమ్ వచ్చాక పో, అన్నాడు. అంతకంటే న్యాయంగా ఎవరు చెప్పగలరు? ఎమర్జెన్సీ అవునా కాదా అన్నది ఇక అక్కే చెప్పాలి.

ఆ శుక్రవారం బావ డబ్బాలో, నేనూ చాచా బయట. అక్కడ మా ఊళ్లో ముసురు పట్టి ఉందట, గరగరమని లైను. అక్క ఆయాసపడుతోందట. ఏమి, రమ్మంటావా, అన్నాడు బావ గట్టిగా, బయటికి వినబడేలా. ఆ తర్వాత రిసీవరును చెవికి అదుముకుని, హలో హలో అని అరిచి, కాసేపటికి బయటికి వచ్చాడు. చొక్కా చెమటతో ఒంటికి అతుక్కుపోయింది.

"ఏమన్నది బావా?"

"ఊకె రా... అన్నది. గంతల్నే కట్టయింది."

"రా అన్నదా, రాకు అన్నదా?"

బావ నా ముఖం కేసి చూశాడు. అప్పుడు అర్థమైంది మా ఇద్దరికీ, ఏం జరిగిందో. మన మాటకు తోక చివరన ఉంటుంది. "రా" దాకా రమ్మనడమూ, రావద్దనడమూ ఒక్కటే. ఆ "కు" అనే ఒక్క అక్షరం ఉందా, వానలో కొట్టుకుపోయిందా, ఎవరికి తెలుసు? ఊకె రా, అంటే అన్నీ వదిలేసి వచ్చెయ్. ఊకె రాకు, అంటే ఇంతదానికే ఉన్న పని వదులుకుని రావద్దు. రెండూ మా అక్క నోటి మాటల్లాగే ఉన్నాయి.

"మొన్ననే అచ్చిపోతి గద. ఊకె రాకు అనే అంటది. నీ అక్క సంగతి నాకెర్కలేదా" అన్నాడు బావ, నాకు కాదు, తనకే చెప్పుకుంటున్నట్టు. నాకు మాత్రం రమ్మన్నదనే అనిపించింది, ఆ మాటే అన్నాను. చాచా స్టీరింగు మీద చేయి పెట్టుకుని, "అరే భాయ్, గట్ల వాసిన కాళ్లతోని వానల ఫోను దాకా నడ్సుకుంట వచ్చిందంటే ఊకె వచ్చిందా? పో నువ్వు" అన్నాడు. బావ జేబులోంచి చిల్లర తీసుకుని మళ్లీ డబ్బాలోకి నడిచాడు. మళ్లీ చేశాం, మర్నాడు చేశాం, ఆ పై శుక్రవారం చేశాం. దుకాణం ఫోను చచ్చి ఊరుకుంది. ఉత్తరం రాస్తే పోయి రావడానికి నెల పైమాటే. తంతి ఇద్దామంటే, రమ్మన్నావా వద్దన్నావా అని పెళ్లాన్ని తంతిలో అడిగిన మగవాడు లోకంలో ఎవడైనా ఉన్నాడా?

అలా రోజులు గడిచాయి. బావ పిచ్చి పట్టినవాడిలా ఆ మొక్కల చుట్టే తిరిగేవాడు. నేను పోస్తానన్నా బకెట్ ఇచ్చేవాడు కాదు. ఒక్క ఆకు వాడితే ప్రాణం పోయినట్టు చేసేవాడు. అవి బతికితే అక్క కడుపులోదీ బతుకుతుందని మొక్కుకున్నాడేమో, నేను అడగలేదు. వాటి పేరు పలకడం మాత్రం మానేశాడు.

ఒక శుక్రవారం మా పక్క ఊరాయన, బహ్రెయిన్‌లోనే హిద్ అనే ఊళ్లో కట్టుబడి పని చేసేవాడు, సెలవు నుంచి వస్తూనే మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. అక్కను ట్రాక్టరు మీద కరీంనగరం దాకా తీసుకెళ్లారట. అక్క దక్కింది. మగపిల్లవాడు దక్కలేదు. బావ ఆ మాట విని, నిండిన బకెట్ ఎత్తుకుని వసారాలోకి వెళ్లి, వరసలో ఒక్కటి కూడా వదలకుండా నీళ్లు పోసి వచ్చి, మెట్టు మీద కూర్చున్నాడు. ఏడ్చింది నేను.

మేడమ్ వచ్చేసరికి ఎండలు తగ్గాయి. ఒక్క మొక్క కూడా పోలేదని ఆమె పొంగిపోయింది. సంగతి చాచా చెప్పాక మెట్ల మీదే కూలబడి, ఈ ఆకుల కోసం ఆగిపోయావా అని బావను కోపంగా అడిగింది, కళ్లు తుడుచుకుంది. ఆకుల కోసం కాదమ్మా, ఒక్క అక్షరం కోసం అని ఆమెకు ఎవరు చెప్పాలి? చాచా చెప్పబోయి, "ఊకెరా" దగ్గర ఆగిపోయాడు. ఆమెకు అది తన మొక్క పేరే కదా.

బావ బతుకమ్మ నాటికి ఇంటికి చేరాడు. ఆ ఏడు అక్క బతుకమ్మ పేర్చలేదు. తిరిగి వచ్చాక మాత్రం మనిషి కొంచెం తేరుకున్నాడు. "రాకు అనే అన్నదట. నేన్ చెప్పలే?" అని నాకు చెప్పాడు, తర్వాత ఎంతోమందికి చెప్పాడు. కొన్నాళ్లకు మేమిద్దరం అక్కడి పని ఖలాస్ చేసుకుని ఇంటికి వచ్చేశాం. నిరుడు పోయేదాకా ఆయన ఆ మాట మీదే నిలబడి బతికాడు.

మొన్న ఆ మొక్క వచ్చిన సాయంత్రం అక్కకు ఫోను చేశాను. ముఖం కనబడే ఫోను. ఊకెరా మొక్క వచ్చిందక్కా అంటే బోసినోటితో నవ్వింది. ఎందుకు అడిగానో తెలియదు, అన్నేళ్ల తర్వాత అడిగాను, ఆ రోజు నిజంగా ఏమన్నావని. నవ్వు ఆగింది.

"రా అనే అన్నరా. ఏం తేకు, ఊకె రా, నాకు భయమైతుంది అన్న. గా మాట చెప్తే మీ బావ బతికినన్ని దినాలు బువ్వ తింటుండెనా?"

ఇప్పుడు లైన్లు తెగిపోవు. మా కోడలు దేశం దాటి ఉన్న తమ్ముడితో కూర వండుకుంటూ మాట్లాడుతుంది, వినబడకపోతే మళ్లీ చెప్పమంటుంది, అతడు మళ్లీ చెబుతాడు. మంచిదే, మా కాలం మళ్లీ రావాలని నేను కోరను. కానీ తెగిపోయిన మాటను తన దగ్గరే ఉంచుకుని, మిగిలిన సగాన్ని ఎదుటివాడికి హాయిగా ఉండేలా తానే పూరించి ఇచ్చి, ముప్పై ఏళ్లు నోరు విప్పని మనుషులను నేనిక చూడను. ఆ మొక్క మా ఎండలకు నిలవదని తెలుసు, అయినా ఉత్తరపు కిటికీలో పెట్టి ఏసీ గొట్టం కింద బకెట్ పెట్టాను. మనవరాలు నోరు తిరగక ఊకెరా అనబోతే ఆపి, హ్యూకెరా అని నేర్పించాను. ఊకె రా అన్న మాట మా అక్కది.