సిస్టర్ పట్టుకున్న చెయ్యి

సిస్టర్ గురించి మా పేటలో ఎవర్ని అడిగినా మంచే చెబుతారు. నేనూ చెబుతాను, చెప్పక తప్పదు. కానీ ఆమె మాట వచ్చినప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది మా అమ్మ మీద నాకు పుట్టిన కుళ్లు. కన్నతల్లిని చూసి కుళ్లుకునే ఆడపిల్ల ఉంటుందా అంటే, ఉంటుంది. నేనున్నాను.

ఎనభైల చివరి మాట. నాకు పదేళ్లు. సోలాపూర్‌లో కుమఠా నాకా దగ్గర వరసగా కట్టిన గదుల్లో ఒకటి మాది. నాన్న చద్దర్లు నేసే సాంచ మీదికి, అంటే మరమగ్గం మీదికి పోయేవాడు, అమ్మ ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టేది. నన్ను క్రైస్తవ సన్యాసినులు నడిపే మరాఠీ బడిలో వేశారు. అక్కడ పొద్దుటి పూట నాలుగో తరగతికి సిస్టరే టీచరు. ఆమెది కేరళలో ఏదో ఊరు. ఇరవై ఏళ్ల వయసులో సోలాపూర్ వచ్చిందట. నేను చూసేనాటికి జుట్టు సగం నెరిసింది. వేసవి సెలవుల్లో కూడా ఊరికి పోకుండా, లెక్కల్లో వెనకబడిన పిల్లల్ని పిలిపించుకుని కూర్చునేది. అలా ఎంతమంది పిల్లలు ఆమె చేతుల మీదుగా చదువుకుని వెళ్లారో ఆమెకే తెలియదు.

నాకు ఆమె అంటే పిచ్చి. తెల్లారకముందే బడికి పరుగెత్తి ఆమె బల్ల తుడిచేదాన్ని. నోటుపుస్తకాల కట్ట ఇంకెవరైనా ఎత్తబోతే మోచేత్తో పొడిచేదాన్ని. ఆమె ప్రశ్న పూర్తి కాకుండానే చెయ్యి ఎత్తేదాన్ని. అప్పుడామె నా వైపు చూసి "మది, మది" అనేది. వాళ్ల భాషలో ‘చాలు’ అని అర్థమట. అది నాకొక్కదానికే చెప్పే మాట అని నేను మురిసిపోయేదాన్ని.

ఆమెను మా ఇంటికి తెచ్చింది నేనే. ఆ బుద్ధిమాలిన పని ఇంకెవరి మీదా తోయలేను. నెల రోజులు వెంటపడితే ఒక మధ్యాహ్నం వచ్చింది. నా నోటుపుస్తకాలన్నీ చాప మీద పేర్చి పెట్టాను, నా బొమ్మలు, నా అక్షరాలు చూపిద్దామని. ఆమె చాప దాటి పోయి అమ్మ పక్కన నేల మీద కూర్చుంది. అమ్మ ఒళ్లోని చాటలోంచి ఒక ఆకు తీసి, "ఇది ఎట్ల చుడ్తరు అక్కా?" అని అడిగింది.

మా ఆడవాళ్ల దగ్గర విని విని నేర్చుకున్న తెలుగు ఆమెది. అమ్మ చుట్టి చూపింది. సిస్టర్ చుట్టిన బీడీ విప్పారి తంబాకంతా చీర మీద పడింది. ఇద్దరూ ఒకటే నవ్వు. ఆమె పళ్లు కనబడేలా నవ్వడం నేను అదే మొదటిసారి చూడటం. నాలుగో తరగతిలో మేం యాభై మందిమి ఏడాదంతా కష్టపడినా రాని నవ్వు అది.

"నువ్వు చదువుకున్నవా అక్కా?"

"నాకేం చదువు సిస్టరమ్మా. ఆకు కత్తిరించుడే నా చదువు."

"అయితే నేను ఆకు నేర్చుకుంట, నువ్వు అక్షరం నేర్చుకో."

అలా మొదలైంది. రోజూ బడి కాగానే మా గది ముందున్న అరుగు మీద ఏడెనిమిది మంది ఆడవాళ్లు చాటలు పక్కన పెట్టి పలకలు పట్టుకునేవాళ్లు. సిస్టర్‌కు తెలుగు మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. వీళ్లకు బజారులో మాట్లాడే మరాఠీ మటుకే వచ్చు. అందుకని మరాఠీ అక్షరాలతోనే తెలుగు రాయించింది. అమ్మ రాసిన మొదటి మాట ‘ఆకు’. సిస్టర్ అమ్మ వెనక మోకాళ్ల మీద నిలబడి, అమ్మ చెయ్యి తన చేతిలోకి తీసుకుని, బలపం కదిలించేది. తంబాకు వాసన కొట్టే ఆ చెయ్యిని అంతసేపు అట్లాగే పట్టుకునేది.

నా చెయ్యి ఎన్నడూ పట్టలేదు. నాకు రాయడం వచ్చుగా, ఎందుకు పడుతుంది? ఒకరోజు ఉండబట్టలేక, కావాలనే ‘ళ’ వంకరటింకరగా రాసి పలక తీసుకెళ్లాను. ఆమె ఒక్క చూపు చూసి "నీకొచ్చు. పోయి మంచిగ రాయి" అని తిప్పి ఇచ్చేసింది. పైగా నేను అక్కడే తచ్చాడుతుంటే "మది" అంది. అమ్మ పదిసార్లు తప్పు రాసినా ఆ మాట రాలేదు. పదకొండోసారి కూడా చెయ్యి పట్టుకునేది.

నేను అమ్మ బలపాలు తీసి నానబెట్టిన ఆకుల తట్టలో దాచాను. అమ్మ తిట్టలేదు, వెతకనూ లేదు. తడి వేలితో బండ మీద రాసుకుంది. అది చూసి సిస్టర్ పేటంతా చెప్పుకుంది, ఈ అక్క లాంటి విద్యార్థి తన జన్మలో దొరకలేదని. నేను చేసిన పని అమ్మకు మెడల్ అయింది.

ఏడాది తిరగకముందే సిస్టర్‌కు బదిలీ వచ్చింది, నాసిక్ అవతల ఏదో ఊరికి. వెళ్లే ముందు తలా రెండు ముక్కలు రాసివ్వమని ఆడవాళ్లందర్నీ అడిగింది. అమ్మ నాలుగు రోజులు రాసింది. కూర సరిగా ఉడకలేదు, బీడీలు తగ్గాయి, నాన్న విసుక్కున్నాడు. నాలుగో రోజు కాగితం నా చేతిలో పెట్టి, "తప్పులున్నయా సూడు బిడ్డా" అంది.

చదివాను. సిస్టరమ్మా, నువ్వు పోతవంటే మనసున వడ్తలేదు, నువ్వు నా చెయ్యి వట్టి రాపిస్తుంటె మా అమ్మ ఒడిల కూసున్నట్టు ఉండె, అని రాసింది. అంతే. నాలుగో తరగతిలో మొదటి ర్యాంకు తెచ్చుకున్న నేను అలాంటి మాట ఒక్కటి కూడా రాయలేను.

మరాఠీలో పొట్టి ‘ఒ’ లేదు. ‘ఒడి’ రాయాలన్నా ‘ఓడి’ అనే రాయాలి. అమ్మ చేసిన తప్పేమీ లేదు, ఆ అక్షరాలకు అంతకంటే చేతకాదు. అది నాకు బాగా తెలుసు. తెలిసే గట్టిగా నవ్వాను.

"అమ్మ ఓడిల కూసున్ననని రాసినవు. ఓడి అంటె ఓడిపోవుడు. సిస్టర్ చదివి నవ్వుతది."

"గంత తప్పా?"

"మొత్తం తప్పే. తెలుగు ఎవలన్న మరాఠీల రాస్తరా?"

అమ్మ కాగితం తీసుకుంది. కాసేపు ఆ ఒక్క మాట వంకే చూసింది. తర్వాత మడిచి పొయ్యిలో పెట్టింది. ఆపుదామనుకున్నాను. ఆపలేదు.

సిస్టర్ వచ్చి అరుగు మీద కూర్చుంటే, ఒకామె పేరు రాసిచ్చింది, ఒకామె తన ఊరి పేరు రాసిచ్చింది. సిస్టర్ అమ్మ వైపు తిరిగింది. "నువ్వేం రాసినవు అక్కా?"

"నాకింక రాయొస్తలేదు సిస్టరమ్మా," అంది అమ్మ.

నా పేరు చెబుతుందనుకున్నాను. చెప్పలేదు. సిస్టర్ అమ్మ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. సిగ్గుతో చచ్చిపోవాల్సిన ఆ నిమిషంలో కూడా నేను ఆ చేతుల వంకే చూస్తున్నాను, వెళ్లేటప్పుడైనా నావి పట్టుకుంటుందేమోనని. ఆటో వచ్చింది. ఆమె అందరికీ చెప్పినట్టే నాకూ మంచిగా చదువుకోమని చెప్పి ఎక్కింది.

రెండు నెలలకు అమ్మ పేర ఇన్‌లాండ్ లెటర్ వచ్చింది. మధ్యాహ్నం నేను బడి నుంచి రాగానే, అమ్మ చాట మీంచి తల ఎత్తకుండా, "సిస్టరమ్మ రాసింది. సదువు," అంది. ఆమె కూడా అమ్మ లాగే మరాఠీ అక్షరాల్లో తెలుగు రాసింది. అరుగు మీది వాళ్లందర్నీ పేరుపేరునా అడిగింది. అమ్మను మాత్రం రోజుకు ఒక వరుస తప్పకుండా రాయమంది, చెయ్యి ఆపొద్దంది. పైకి చదువుతూనే నా కళ్లు కింది వరుసల్లో నా పేరు కోసం దేవులాడాయి. లేదు. సంతకం కూడా వచ్చేసింది.

నేను సంతకం దగ్గర ఆగకుండా, లేని వరుస కూడా చదివేశాను. "నీ బిడ్డ యాదికొస్తది. దాని అసొంటి పిల్ల నా బడిల ఇంకొకతి లేదు."

అమ్మ దారం చుడుతున్న వేలు ఆగింది. "ఆ ముక్క మల్లొక్కపారి సదువు."

మళ్లీ చదివాను. రెండోసారికి మాటలు కొంచెం మారిపోయాయి.

"సిస్టరమ్మకు నువ్వంటె శాన పావురం బిడ్డా," అంది అమ్మ.

సిస్టర్‌కు నా మీద ప్రేమ అన్న ఆ మాటకే నేను పొంగిపోయి ఉత్తరం మడవబోయాను. అప్పుడు చూశాను. అంచులు చిరగకుండా ఆకు కోసే కత్తెరతో నీటుగా కత్తిరించి ఉన్నాయి. ప్రతి వరుస కింద తంబాకు వేలు జరిగిన మరక, మొదటి మాట నుంచి సంతకం దాకా. పోస్టుమాన్ మా వాడకు పొద్దున పదింటికే వస్తాడు.

తలెత్తే ధైర్యం లేక అక్కడే కూర్చున్నాను. పక్కింటామె చాట పట్టుకుని గడపలోకి వచ్చింది. అమ్మ ఆమెతో చెబుతోంది: "సిస్టరమ్మ ఉత్తరం రాసింది అక్కా. మా బిడ్డ యాదికొస్తదని రాసింది."