ఎలుగుబంటి ముఖం కింది బిస్కెట్టు

తేదీ దాటిన బిస్కెట్లకు చెవులూ మూతీ అతికించి, చాక్లెట్ పూసి, నాలుగేళ్ళ పిల్లలకు తినిపించారు. ఎక్కడో మారుమూల కాదు, వికారాబాద్‌లో, పట్టపగలు, చదువుకున్న పెద్దలందరి ముందర. వాటిలో ఒకటి నా మనవరాలు తిన్నది. దీన్ని తప్పు అనకపోతే ఇంక దేన్ని అనాలో నాకు తెలియదు.

రెండేళ్ళ కిందటి సంగతి. తాండూరు బజారులో నాది బిస్కెట్లు, చాక్లెట్ల హోల్‌సేల్ దుకాణం. బడి చదువు మూడో తరగతితోనే ఆగిపోయింది. మిగిలినదంతా పాకెట్ల మీది అచ్చు కూడబలుక్కుంటూ నేర్చుకున్నదే. అందుకే ఏ పాకెట్టు చేతికొచ్చినా ముందు తేదీ చూస్తాను. ఏ కంపెనీ ఎప్పుడు పాకెట్టు రంగు మార్చింది, ఎప్పుడు బిస్కెట్టు మీది అచ్చు మార్చింది, అడిగితే ఇప్పటికీ చెప్పగలను. మా కొడుకు నవ్వుతాడు. నవ్వనీ.

పెద్దేముల్ నుంచి సుజాత అనే అమ్మాయి నా దగ్గరికి సరుకుకు వచ్చేది. పెనిమిటి నర్సింలు షేరింగ్ ఆటో నడుపుతాడు. ఈ పిల్ల ఫోనులో చూసి జంతువుల బిస్కెట్లు చేయడం నేర్చుకుంది. నో-బేక్ అంటారట. అంటే ఓవెన్ ఉండదు, పిండి కలిపే పని ఉండదు, దుకాణంలో దొరికే సరుకుతోనే అంతా. గుండ్రటి బిస్కెట్టును వేడినీళ్ళ మీద కరిగించిన చాక్లెట్‌లో ముంచితే ఎలుగుబంటి ముఖం. రెండు చాక్లెట్ బిళ్ళలు పెడితే చెవులు, చిన్న క్రీము బిస్కెట్టు పెడితే మూతి, రంగు సోంపు గింజలు కళ్ళు. కుందేలుకైతే వేఫర్‌ను నిలువుగా కోసి నిలబెడుతుంది. మొదటిసారి డబ్బా మూత తీసి చూపించినప్పుడు నేను కాసేపు ముట్టుకోలేదు. "ఏం తాతా, కరుస్తదని భయమైతుందా?" అని నన్నే ఆట పట్టించింది. పనితనం ఉన్న పిల్ల. వికారాబాద్‌లో నా బిడ్డ కూతురు చదివే ప్లేస్కూలుకు ఆమె పేరు చెప్పింది నేనే. అందుకే ఈ మంట.

ఆ స్కూలువాళ్ళు జంతువుల పండుగ అని ఒకటి చేశారు. తాతలనూ నానమ్మలనూ రమ్మన్నారు. పొద్దున రైలెక్కి పోయాను. పిల్లలకు పులి తోకలు, ఏనుగు చెవులు కట్టి వరసగా కూర్చోబెట్టారు. ఒక్కొక్కరి పళ్ళెంలో ఒక ఎలుగుబంటి, ఒక కుందేలు. తల్లులు ఫోటోలు తీసుకుంటున్నారు. నా ముందర కూర్చున్న పిల్లవాడు చెవులు మాత్రం ఊడదీసి తిని, ముఖాన్ని అవతలికి నెట్టాడు. వాసనొస్తున్నదన్నాడు. టీచరమ్మ వంగి, "తిను నాన్నా, వదిలేస్తే బేర్ ఏడుస్తది" అన్నది. అవతలి పిల్ల కూడా వాసనే అన్నది. ఆ పిల్లకూ అదే జవాబు.

ఒకటి తీసుకొని విరిచాను. పాతబడ్డ నూనె వాసన. చాక్లెట్‌ను గోటితో గీకితే కింద పువ్వుల అంచు కనిపించింది. ఆ పువ్వుల అంచు అచ్చును ఆ బిస్కెట్లు చేసే చిన్న కంపెనీ ఎప్పుడో తీసేసింది. ఇప్పుడొచ్చేది సాదా అంచు. నా గోదాము మూలన పడి ఉన్న ఆఖరి పెట్టెను అంతకు వారం ముందే బయటికి లాగించి, తేదీ చూసి, బర్ల బస్తాలో పోయించాను.

బర్ల బస్తా అంటే ఏమిటో చెప్పాలి. తేదీ దాటిన సరుకును పెద్ద కంపెనీలు వెనక్కి తీసుకుంటాయి. దాన్ని రిటర్న్ అంటాం. చిన్న కంపెనీలు తీసుకోవు. అలాంటి పాకెట్లను చింపి గోనెసంచిలో పోసిపెడితే, బర్రెలున్నవాళ్ళు పట్టుకుపోయి తవుడులో కలిపి పెడతారు. ఇందులో దాపరికమేమీ లేదు, బజారంతా ఇదే రివాజు. నా దుకాణంలో ఆ బస్తా పట్టుకుపోయేది నర్సింలు.

లేచి పళ్ళేలన్నీ లాగేశాను. మా మనవరాలు అమ్ములు కుందేలును గుప్పిట్లో పట్టుకొని ఇవ్వనంటే ఇవ్వనని ఏడ్చింది. ప్రిన్సిపాల్ నన్ను పక్క గదిలోకి తీసుకుపోయి, నేను చెప్పినదంతా విని, ఇప్పటికైతే ఎవరికీ ఏమీ కాలేదు కదా అన్నాడు. శనివారం వార్షికోత్సవానికి కూడా ఆ అమ్మాయికే చెప్పామని, పేరెంట్స్ ముందర ఈ మాట ఎత్తొద్దని బతిమాలాడు. పిల్లలు ముక్కు మూసుకుంటున్నారు, ఈయనకు పేరెంట్స్ ఫికర్.

మర్నాడు షేరింగ్ ఆటోలో పెద్దేముల్ పోయాను. సుజాత వాకిట్లో పీట మీద కూర్చొని, శనివారం కోసం వేఫర్లు కోస్తున్నది. కుందేలు చెవులు పళ్ళెంలో వరసగా పేర్చి ఉన్నాయి. నర్సింలు ఆటో తుడుస్తున్నాడు. కూర్చోమన్నా నేను కూర్చోలేదు. నా మాట మీద నీకు పని ఇచ్చారని, ఆ మాట నేనే వెనక్కి తీసుకుంటానని, ఇప్పుడే వికారాబాద్‌కు ఫోన్ చేసి శనివారం పని ఆపిస్తానని అన్నాను. ఆమె కత్తి కింద పెట్టింది. బుకాయించలేదు. నా దుకాణం బందున్నప్పుడు బిస్కెట్లు తక్కువ పడ్డాయని, ఇంట్లో ఉన్న బస్తాలోంచి విరగనివి ఏరి, నోట్లో వేసుకొని చూశాకే చేశానని చెప్పింది. చెప్పిన తీరు చూస్తే, అందులో తప్పేముందో ఆమెకు నిజంగానే అర్థమైనట్టు లేదు. అది చూసి నాకు ఇంకా మండిపోయింది.

"బర్లకని ఇచ్చిన బస్తాల నుంచి తీసి పిల్లలకు పెడ్తవా? నీకూ ఇద్దరున్నరు గదనే, చేతులెట్ల వచ్చినయి?"

నర్సింలు తుడిచే గుడ్డ ఆగిపోయింది. తల ఎత్తలేదు. సుజాత మాత్రం నా ముఖంలోకే చూసింది. గొంతు పెంచలేదు.

"బర్రె ఏడున్నది తాతా మా ఇంట్ల? గీ వాడకట్టుల ఎవ్వలకు లేదు. నీ బస్తా వస్తే ఇంటికింత పంచుకుంటం. మా పిల్లలు గవ్వే ఛాయ్‌ల అద్దుకొని తినుకుంట పెరిగిండ్రు. ఇయ్యాల వికారాబాద్ పిల్లలు తిన్నరని ఉరికొస్తివి. మంచియి కాకపోతే, గిన్నేండ్లల్ల మాకొక్క మాట చెప్పకపోతివా?"