గెలిచిన సాయంత్రం చిన్నాయన చేసిన వాదన

మా చిన్నాయన పోయాడన్న సంగతి నాకు బాగేపల్లి తాలూకు ఆఫీసు మెట్ల మీద తెలిసింది. చిక్కబళ్లాపురం నుంచి ఆయన కూతురు ఫోన్ చేసింది. "అన్నా, నాయన లేడంట" అని ఫోన్ పెట్టేసింది. ఏ వార్తనైనా రెండు చోట్ల అడిగి రూఢి చేసుకోవడం నా వృత్తి నేర్పిన అలవాటు. చింతామణిలో ఆయన పక్క అంగడి అతనికి ఫోన్ చేశాను. పొద్దున షట్టరు ఎత్తి, కుట్టు మిషను ముందు కూర్చుని, ఛాతీ పట్టుకున్నాడని చెప్పాడు. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయిందట. అప్పుడు ఆ మెట్ల మీదే కూర్చున్నాను.

నేను రాసేది కన్నడ పత్రికకు. ఈ నాలుగు మాటలు మాత్రం మా ఇంట్లో మాట్లాడుకునే భాషలో రాస్తున్నాను. చిన్నాయన మాటలను ఇంకో భాషలో పెడితే ఆయన ఒప్పుకోడు. ఆయన చాలా సంగతులు ఒప్పుకునేవాడు కాదు. చింతామణి ఫుట్‌బాల్ జట్టు సరిగ్గా ఆడక ఓడిపోయిందంటే అసలే ఒప్పుకునేవాడు కాదు.

మా వైపు ఎక్కడ చూసినా క్రికెటే. ఫుట్‌బాల్ అంటే రెండు జట్లు: చింతామణి, చిక్కబళ్లాపురం. మిగతా ఊళ్ల జట్లు లీగులో ఆడతాయి కానీ కప్పు ఎప్పుడూ ఈ రెండింటిలో ఒకదానిదే. అందులోనూ ఎక్కువసార్లు చిక్కబళ్లాపురానిదే. చిన్నాయన చింతామణి జట్టుకు జెర్సీలు కుట్టేవాడు. బస్టాండుకు దగ్గరలో ఉన్న ఆయన అంగడి అభిమానులకు అడ్డా. మెడలో టేపు వేసుకుని, మాట్లాడుతున్నప్పుడు దాని రెండు కొసలూ పట్టుకుని లాగేవాడు. వాదన ఎంత వేడెక్కిందో ఆ టేపు చూస్తే తెలిసేది.

చిక్కబళ్లాపురం వాళ్లెవరైనా చొక్కా కుట్టించుకోవడానికి వస్తే, కొలత తీస్తూ, "ఒక చెయ్యి పొట్టిగా పెట్టేదా అప్పా? మీకు త్రో-ఇన్ వెయ్యను కుదరకుండా పోవల్ల" అనేవాడు. చేతులు రెండూ సమంగానే కుట్టి ఇచ్చేవాడు.

చింతామణి ఓడినప్పుడల్లా ఆయన దగ్గర కారణం ఉండేది. ఒకసారి ఎదురుగాలి. ఒకసారి కళ్లల్లో ఎండ. ఒకసారి మైదానం వాళ్ల వైపు వాలుగా ఉండటం. మిగతా అన్నిసార్లూ రెఫరీ. ఒక ఏడు గాలి లేదు, ఎండ లేదు, రెఫరీ బయటి జిల్లా మనిషి. ఈసారి ఏం చెబుతాడోనని అందరూ అంగడి ముందు కాచుకుని కూర్చున్నారు. చిన్నాయన కత్తెర పక్కన పెట్టి, "బంతిలో గాలి ఎక్కువ కొట్టినారు" అన్నాడు. "ఆ బంతితోనే కదన్నా వాళ్లూ ఆడింది?" అని ఎవరో అడిగితే, "వాళ్లకి అలవాటు ఉండాది, గట్టి బంతితో ఆడేది" అన్నాడు. "గెలిచినోడికి నిద్ర వస్తాది. కారణాలు కావల్సింది ఓడినోడికే" అని ఆయన తరచూ అనేవాడు.

నేను పత్రికలో చేరిన కొత్తలో ఒక లీగు మ్యాచ్ గురించి 'చింతామణికి ఘోర పరాజయం' అని రాశాను. మరుసటి రోజు అంగడికి పోతే, పత్రికను ఇస్త్రీ బల్ల మీద పరిచి పెట్టుకుని ఉన్నాడు.

"మూడు గోల్స్ తిన్నామని రాసినావు, సరే. తిన్నాం. ఈ ఘోరం అనేది నీకు ఎవురు చెప్పినారు?"

"అంటే చిన్నాయనా, మూడు సున్నా కదా..."

"మూడు సున్నా అని రాసినాక సదివేవాడికి తెలీదా? నువ్వు ఇంగ పక్కన నిలబడి ఏడ్చల్లనా?"

ఆయనది జట్టు మీది ప్రేమ. నాకది వృత్తిలో పనికొచ్చింది. అప్పటి నుంచి అంకె ఉన్నచోట విశేషణం పెట్టే ముందు ఆగుతున్నాను. నాకు ఈ పని నేర్పిన సంపాదకుల పేర్లు అడిగితే చెబుతాను. అసలు మొదటివాడు ఈ టైలరు.

ఆయనకు ఒక్కతే కూతురు. అల్లుడిది పాతపాళ్య అనే ఊరు. మంచి ఆటగాడు. మోకాలు దెబ్బతిని ఆట మానేశాక ఒక బడిలో డ్రిల్ మేష్ట్రుగా చేశాడు. ఈ ఏడు చిక్కబళ్లాపురం జట్టు సంఘం వాళ్లు పిలిచి కోచ్‌గా పెట్టుకున్నారు. బడి ఉద్యోగం వదిలేసి, భార్యనూ చంటిబిడ్డనూ తీసుకుని ఆ ఊరికి మారాడు. సంఘంలో కొందరికి మొదటి నుంచీ ఇది ఇష్టం లేదు. చింతామణి అల్లుడిని తెచ్చి మన జట్టు మీద పెడతారా అని గొణిగారు. లీగు మొదలయ్యే లోపల చూద్దాం, నచ్చకపోతే మారుద్దాం అని ఒప్పుకున్నారు. ఈ సంగతి చిన్నాయనకు తెలుసు. అంగడిలో ఎవరితోనూ అనలేదు. "అల్లుడు వాళ్ల జట్టులో చేరినాడంట కదన్నా?" అంటే, "వాళ్లకి ఇంగ మంచి రోజులొచ్చినాయిలే, అయినా కప్పు మనదే" అనేవాడు.

లీగుకు ముందు రెండు జట్లూ ఒక ప్రాక్టీసు మ్యాచ్ ఆడటం వాడుక. ఈసారి అది చింతామణిలో జరిగింది. నేను చూశాను. హాఫ్ టైముకు చింతామణి ఒక గోల్ ముందుంది. హాఫ్ టైము తర్వాత చిక్కబళ్లాపురం కోచ్, అంటే మా అల్లుడు, నలుగురు పాత ఆటగాళ్లను కూర్చోబెట్టి నలుగురు కొత్తవాళ్లను దింపాడు. ఆ కొత్తవాళ్లలో ఒకడు గోల్ కొట్టి సమం చేశాడు. చివర్లో చింతామణి ఇంకో గోల్ కొట్టింది. రెండు ఒకటి. చిక్కబళ్లాపురం మీద గెలిచి చాలా కాలమైంది. మైదానంలో టపాకాయలు కాల్చారు. అదే సమయంలో అవతలి ఊరి బస్సు ఎక్కుతున్నవాళ్లు అన్న మాట కూడా నేను విన్నాను. "మంచోళ్లు నలుగుర్ని తీసేసి, మామ ఊరికి మ్యాచ్ రాసిచ్చినాడు."

ఆ మాట చిన్నాయన కూడా విన్నాడు. నా పక్కనే ఉన్నాడు.

సాయంత్రం అంగడి నిండిపోయింది. టమోటా మండీలో కమీషన్ వ్యాపారం చేసే ఆయన మిఠాయి పొట్లం తెచ్చాడు. చింతామణి, చిక్కబళ్లాపురం మధ్య తిరిగే బస్సులో కండక్టరు ఒకాయన డ్యూటీ దిగి యూనిఫారంతోనే వచ్చాడు.

"ఏమన్నా, ఇంటికొచ్చిన అల్లుడికి మనోళ్లు మర్యాద బాగా చేసినారా?" అన్నాడు కండక్టరు.

"రెండు పెట్టి పంపిచ్చినాం. ఇంగా కావల్లంటే లీగులో వడ్డిస్తాం" అన్నాడు మండీ ఆయన.

అందరూ నవ్వారు. చిన్నాయన మిఠాయి తీసుకోలేదు. కటింగ్ బల్ల మీది గుడ్డ ముక్కలు పక్కకు నెట్టి, సుద్దతో మైదానం గీశాడు. గుండీల డబ్బా బోర్లించాడు. తెల్ల గుండీలు మనవాళ్లు, నల్ల గుండీలు వాళ్లు. గొడవ వచ్చిన ప్రతి గోల్‌కూ ఆయన ఇలా గుండీలు పేర్చేవాడు. ఎప్పుడు పేర్చినా చివరికి రెఫరీ దొంగ అని తేలేది.

"మొదటి గోల్ మనది. నికార్సైన గోల్. దాన్ని నేను ఎవురికీ ఇయ్యను" అన్నాడు. "రెండోది చూడండప్పా. ఇది మనోడు, కుడి పక్క నుంచి వస్తాండాడు. ఇది వాళ్ల గోల్ కీపరు. వాని ముందర అడ్డం నిలబడే స్టాపర్ యాడ?"

మండీ ఆయన ఒక నల్ల గుండీ తీసి గోల్ ముందు పెట్టబోయాడు. చిన్నాయన ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"అక్కడ లేడు. గీత బయట కూర్చుని ఉండె. పిక్క పట్టేసి. అల్లుడు ఇంకొకడ్ని దింపను చెయ్యి ఎత్తినాడు, రెఫరీ చూడలేదు. మనం గోల్ కొట్టేటప్పటికి వాళ్లు పది మందే."

మండీ ఆయన ఆ గుండీని బల్ల చివర పెట్టాడు. తర్వాత కండక్టరు, "అన్నా, రెఫరీ తప్పు మన పక్కకి జరిగిందని చెప్తాండావా?" అన్నాడు.

"అవును."

"నువ్వేనా అన్నా మాట్లాడేది?"

"కొత్తోళ్లు నలుగురు వచ్చినాకనే వాళ్లు గోల్ కొట్టిరి. వాళ్లని దింపినందుకు ఓడిపోలేదు. స్టాపర్ లేక ఓడిపోయిరి."

మండీ ఆయనకు కోపం వచ్చింది. "ఇన్నేండ్లూ గాలిని, ఎండని తిట్టి, ఇప్పుడు గెలిస్తే వాళ్లకి కారణాలు ఏరిస్తాండావే! పార్టీ మార్సినావా?"

చిన్నాయన టేపు రెండు కొసలూ లాగి పట్టుకున్నాడు. "నా పార్టీ చింతామణే. నా బిడ్డ సంసారం చిక్కబళ్లాపురంలో ఉండాది. మన ఊరికి మ్యాచ్ అమ్మినాడని వాడ్ని అంటాండారు. వాడు అమ్మలేదు. మీరు కూడా కండ్లతో చూసినారు కదా, అబద్ధమైతే చెప్పండి."

అబద్ధమని ఎవరూ అనలేదు. నిజమని కూడా అనలేదు. మిఠాయి మాత్రం అయిపోయింది.

నన్ను బస్సు ఎక్కించడానికి ఆయన బస్టాండు దాకా వచ్చాడు.

"ఏం రాస్తావు?"

"జరిగింది రాస్తాను. స్టాపర్ సంగతి రెఫరీని, మన కెప్టెన్‌ని అడిగి, వాళ్లు అవునంటే రాస్తాను."

"అడుగు. వాడ్ని మాత్రం పొగడొద్దు. పొగిడితే మామ చెప్పి రాయించినాడంటారు."

కోచ్ మాకు బంధువని ఆఫీసులో ముందే చెప్పాను. రెఫరీని అడిగాను, చింతామణి కెప్టెన్‌ని అడిగాను. ఇద్దరూ అవునన్నారు. లోపలి పేజీలో చిన్న వార్తగా వచ్చింది. రెండు ఒకటి, ఎవరు ఎప్పుడు కొట్టారు, ఎవరు ఎప్పుడు బయట ఉన్నారు. అంతే. మరుసటి రోజు చింతామణిలో దాన్ని గట్టిగా చదివి నన్ను తిట్టారట. టైలరూ, అన్న కొడుకూ కలిసి మన గెలుపును కత్తిరించి పొట్టి చేశారన్నారట.

ఆ వారమంతా చిన్నాయన కూతురికి ఫోన్ చేసి బిడ్డ సంగతులే అడిగాడు. అల్లుడిని ఉంచాలా వద్దా అని ఆదివారం తేల్చబోయే సంఘం మీటింగు గురించి ఒక్క మాట అడగలేదని ఆమె తర్వాత చెప్పింది. ఇంట్లో మాత్రం అన్నం ముందు పెట్టుకుని, "ఆదివారం ఎప్పుడు?" అని అడిగేవాడట. "నిన్న చెప్పినాను కదా" అని చిన్నమ్మ విసుక్కునేదట.

ఆదివారం సంఘం కూర్చుంది. అల్లుడిని ఉంచుకుంది.

కూతురు ఫోన్ చేసి చెప్పినప్పుడు ఆయన ముందు బిడ్డ నిద్రపోయిందా అని అడిగాడట. తర్వాత, "అల్లుడికి చెప్పమ్మా, లీగులో ఈసారి మూడు పెడతాం. స్టాపర్‌ని జాగ్రత్తగా చూసుకోమను" అన్నాడట. మళ్లీ పాత మనిషి అయిపోయాడు. అది జరిగిన తర్వాత ఎక్కువ రోజులు లేడు. లీగు ఇంకా మొదలు కాలేదు.

నేను రాసిన వార్త వల్ల అల్లుడు నిలిచాడని నాకు లోలోపల కొంచెం గర్వం ఉండేది. పదకొండో రోజు కర్మకు చిక్కబళ్లాపురం సంఘం అధ్యక్షుడు వచ్చాడు. మాటల్లో ఆ వార్త సంగతి అడిగాను. "పేపరా? నేను చూడలేదప్పా" అన్నాడు. మరి ఎలా తేల్చారని అడిగాను. ఆయన కండక్టరు వైపు చూపించాడు.

కండక్టరు ఆ వారమంతా తన బస్సులో ప్రయాణికులకు చిన్నాయన కథ చెప్పి నవ్వించాడట. మా టైలరన్నకు మతి పోయిందని, గెలిచిన రోజు గుండీలు పేర్చి, అవతలివాళ్లు పది మందే అని వాదించాడని. శిడ్లఘట్టలో ఎక్కినవాళ్లకు కూడా చెప్పాడట. అది చిక్కబళ్లాపురం చేరి, హోటళ్లు తిరిగి, సంఘం దాకా వచ్చింది.

"ఇన్నేండ్లలో మేము ఓడించినామని ఆయప్ప ఒక్కసారి ఒప్పుకున్నాడా?" అన్నాడు అధ్యక్షుడు. "బంతిలో గాలి ఎక్కువ కొట్టినామని చెప్పిన మనిషి. ఆ మనిషే మా పక్క తప్పు లేదంటే, ఇంగ మేము ఏమనేది?"

కండక్టరు తల వంచుకుని వింటున్నాడు. "నేను ఎగతాళికి చెప్పినానప్పా" అన్నాడు. "అన్నకి చెప్పల్లని అనుకొంటి, నీ మాట ఆ ఊరికి పోయి చేరిందని. ఇంతలో..."

ఆ రోజు షామియానా కింద రెండు ఊళ్ల వాళ్లూ వచ్చి కూర్చున్నారు. చింతామణి వాళ్లు గోడ వైపు, చిక్కబళ్లాపురం వాళ్లు వీధి వైపు. భోజనాలయ్యాక అక్కడక్కడా తలలు దగ్గర పెట్టుకుని ఏదో మాట్లాడుకుంటున్నారు. చెవి పెడితే, ఆ రెండో గోల్ గురించే. ఇల్లు కాబట్టి గొంతు తగ్గించారు.

చిన్నమ్మ వాకిట్లోకి వచ్చి నిలబడింది. కాసేపు విన్నది.

"ఏమప్పా, గుసగుసలాడతాండారు? ఈ ఇంట్లో ఫుట్‌బాల్ గురించి ఎవురన్నా మెల్లగా మాట్లాడినారా ఎప్పుడన్నా?"

అందరూ ఆగిపోయారు. మండీ ఆయన గొంతు సవరించుకున్నాడు. "పదకొండు మంది ఉన్నా ఆ గోల్ పడేదేనమ్మా" అన్నాడు. 

వీధి వైపు కూర్చున్న అల్లుడు తలెత్తాడు. 

"పడేది కాదు మామా. మా స్టాపర్ ఉండింటే పడేది కాదు."

"యాడుండేవాడు? చూపీ."

అల్లుడు లేచాడు. ఇంటి ముందు, నీళ్లు చల్లిన నేల మీదికి చెప్పులు లేకుండా వచ్చి, కుడి పాదం ముందుకు చాపి, బరువంతా దాని మీద మోపి నిలబడ్డాడు. "ఈడ" అన్నాడు. మండీ ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి ఆ పాదాన్ని చూశాడు. కండక్టరు ఇటు నుంచి, అధ్యక్షుడు అటు నుంచి వచ్చి వంగారు. "కొంచెం ఎడమకి" అన్నారు ఎవరో. ఎండ నడినెత్తికి వచ్చింది. అల్లుడు పాదం కొంచెం ఎడమకు జరిపి, వాళ్లు చూసేదాకా అలాగే నిలబడ్డాడు.