సలామీ బటన్ లేని కత్తియుద్ధం

వనపర్తిలో, బస్టాండు వెనక, పట్టపగలు, పదిహేనుమంది చూస్తుండగా ఒక చరిత్ర లెక్చరర్ కత్తియుద్ధంలో ఓడిపోయాడంటే మీరు నమ్ముతారా? నమ్మకండి. ఎవరైనా చెబితే నేనే నమ్మను. ముందు ఆధారం చూపమంటాను. దురదృష్టం ఏమిటంటే, ఆ లెక్చరర్‌ను నేనే. చాయ్ చల్లారకముందే మొత్తం చెప్పేస్తాను, వినండి.

ఇది రెండువేల ఏడులోనో, ఎనిమిదిలోనో జరిగింది. ఇంతకంటే కచ్చితంగా చెప్పలేను. తెలియనిది తెలియదని ఒప్పుకోవడమే మా వృత్తిలో మొదటి పాఠం. అప్పట్లో మాకు ఇంటర్నెట్ అంటే బస్టాండు వెనకున్న ఖాజా భాయ్ సెంటరే. ఆరు కంప్యూటర్లు, వాటి మధ్య ప్లైవుడ్ అడ్డాలు, గుమ్మంలో చెప్పుల గుట్ట, గాలికంటే చప్పుడే ఎక్కువిచ్చే ఒక కూలర్. పరీక్షా ఫలితాలు వచ్చే రోజున హాల్‌టికెట్లు పట్టుకొని సగం ఊరు ఆ గుమ్మం ముందే ఉండేది. మిగిలిన రోజుల్లో అక్కడ తెరల మీద కార్లు పరుగెత్తేవి, తుపాకులు పేలేవి.

అందులోకి ఒక కత్తిని దించినవాణ్ణి నేను. అది పెద్ద కంపెనీ చేసిన గేమ్ కాదు. ఏ దేశంలోనో ఇద్దరు స్నేహితులు తమ ఇంట్లో కూర్చుని తయారుచేసి, ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టారు. డౌన్‌లోడ్ కావడానికి మూడు రోజులు పట్టింది. రెండుసార్లు కరెంటు పోయి మళ్లీ మొదటికి వచ్చింది. ఖాజా భాయ్ విసుక్కున్నాడే గాని ఆపలేదు. ఆ ఆటలో పాటలు లేవు, మంత్రాలు లేవు, ఎగిరి తన్నడాలు లేవు. మధ్యయుగపు యూరప్‌లో ఒక రాతి ప్రాంగణం. ఎదురుగా, బకెట్ బోర్లించుకున్నట్టు ఇనుప టోపీ పెట్టుకున్న ఒక మనిషి. మౌస్ ఎటు కదిపితే కత్తి అటు కదులుతుంది. తొందరపడితే గోడకు తగులుతుంది. సరిగ్గా తగిలితే ఒక్క దెబ్బకే ఆట ముగుస్తుంది. యుద్ధాల గురించి చదివిందంతా మొదటిసారి వేళ్లకు తెలిసినట్టయింది నాకు. ఇంట్లో కంప్యూటర్ లేదు కాబట్టి కాలేజీ వదలగానే తిన్నగా అక్కడికే పోయేవాణ్ణి.

నాకు నచ్చింది సరే, జనానికి నచ్చాలి కదా! ఇంటర్నెట్ సెంటర్‌లో ఒక రిజిస్టర్ ఉండేది, గుర్తుందా? పేరు, ఊరు, వచ్చిన టైం, పోయిన టైం, సంతకం, చివర్లో రిమార్క్స్. ఆ చివరి గడిని ఎవరూ ముట్టేవారు కాదు. ఈ ఆట వచ్చాక మాత్రం నిండిపోయింది.

‘కత్తి చాన బరువున్నది. లేపేలోపల సంపుతుండు.’

‘గుర్రం లేదు. గుర్రం లేని రాజు ఏం రాజు?’

‘ఒక్క దెబ్బకే సచ్చుడేంది? సినిమాల హీరో పది దెబ్బలు తిన్నంక లేస్తడు. అంతా ఝూట్.’

చివరిది డిగ్రీ చదివే నర్సింలు రాశాడు. కార్ల రేసులో ఆ సెంటర్‌కు మకుటం లేని మహారాజు. అతనేం రాస్తే మిగతావాళ్లు దాని కింద ‘సేమ్’ అని రాసేవారు. అలా పదకొండు ‘సేమ్’లు లెక్కపెట్టాను.

ఇక్కడ నేను చేసిన పని ఒక్క అధ్యాపకుడు మాత్రమే చేయగల తప్పు. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి ఆ అభిప్రాయాలన్నీ దిద్దాను! కత్తి బరువన్నవాడి దగ్గర, ‘అబద్ధం. ఆ కాలపు కత్తులు చాలావరకు మీరు అనుకునేదానికంటే తేలిక. పదికి రెండు’ అని రాశాను. గుర్రం అన్నవాడికి, ‘ప్రశ్న మంచిదే, సందర్భం కాదు. పదికి నాలుగు’. నర్సింలుకు మాత్రం గడి చాలక పక్క పేజీకి వెళ్లి, మనిషి శరీరం ఎంత సున్నితమైందో, గాయం ఎలా పనిచేస్తుందో వివరంగా రాసి, కింద గీత గీసి ‘సున్నా’ వేశాను.

మర్నాడు వెళ్లేసరికి ఆరు కంప్యూటర్లలోనూ కార్లే తిరుగుతున్నాయి.

“ఏం సార్!” అన్నాడు నర్సింలు, తెర మీంచి కళ్లు తిప్పకుండానే. “కాలేజీల ఫెయిల్ జేస్తరు, సరే. ఈడ గూడ ఫెయిల్ జేస్తరా?”

“నేను చెప్పింది శాస్త్రీయంగా...”

“మీకు ఎన్నడన్న కత్తి దెబ్బ తగిలిందా సార్?”

“లేదు.”

“మరి ఒక్క దెబ్బకే సస్తరని ఎట్ల ఎరుక?”

అందరూ నవ్వారు. ఖాజా భాయ్ నవ్వలేదు. నన్ను పక్కకు పిలిచి, మర్యాదగానే చెప్పాడు. “సార్, మీరంటే నాకు ఇజ్జత్ ఉంది. గానీ గిరాకీ పరేషాన్ అయితున్నది. ఐతారం సాయంత్రం దాకా చూస్త. ఆలోపల నలుగురన్న ‘మంచిగుంది’ అని రాస్తే ఉంచుత. లేకుంటే తీసేస్త. ఆ జాగల కొత్త రేసు ఎక్కించాలె.”

ఆదివారానికి మూడు రోజులే ఉంది. మళ్లీ డౌన్‌లోడ్ చేయనివ్వడని తెలుసు. నిజం చెప్పొద్దూ, ఆ రాత్రి అన్నం సయించలేదు. ముప్పై అయిదేళ్ల మనిషిని, ఒక గేమ్ కోసం!

మర్నాడు పాఠం మధ్యలో పరిష్కారం తట్టింది. నిపుణుడి సాక్ష్యం! అమరచింతలో మహబూబ్ ఉస్తాద్ ఉండేవాడు. పీర్ల పండుగ ఊరేగింపు ముందర కర్ర, కత్తి తిప్పేవాళ్లకు తాలీంలో, అంటే సాముగరిడీల బడిలో, విద్య నేర్పే పెద్దమనిషి. అరవై అయిదు దాటినా వెన్ను నిటారుగా ఉండేది. శనివారం బస్సెక్కి ఆయన ఇంటికి వెళ్లి విషయం చెప్పాను.

“కంప్యూటర్ల కత్తి తిప్పాల్నా? ఎదురుంగ ఎవడుంటడు?”

“ఎవరూ ఉండరు ఉస్తాద్. మిషనే.”

“మిషన్‌కు కన్నుంటదా?”

“ఉండదు.”

“మరి వాని దెబ్బ యాడికెళ్లి వస్తదో నాకెట్ల ఎరుకైతది? కత్తిని చూస్తే సస్తవు సారూ, కన్ను చూడాలె.” తువ్వాలు దులిపి భుజాన వేసుకుంటూ, “సరే, వస్త. మిషన్ ఎన్నడు చూడలె” అన్నాడు.

ఐతారం మూడు గంటలకు తెల్ల కుర్తా, భుజం మీద తువ్వాలు, చేతిలో నూనె పట్టించిన వెదురుకర్రతో ఉస్తాద్ దిగాడు. సెంటర్ కిటకిటలాడింది. నర్సింలు బృందం కుర్చీల మీదికెక్కి మరీ నిలబడింది. ఉస్తాద్‌ను కూర్చోబెట్టి, చేతికి మౌస్ ఇచ్చి, ఎటు కదిపితే ఏమవుతుందో చూపించాను. పట్టు దొరకడానికి అయిదు నిమిషాలైనా పట్టలేదు.

“షురూ చెయ్” అన్నాడు.

ఇనుప టోపీ మనిషి ప్రత్యక్షమయ్యాడు. ఉస్తాద్ మౌస్ వదిలేసి, కుర్చీలోంచి లేచి, వంగి, వేలికొసలతో నేలను ముట్టి, ఆ చేతిని నుదుటికి, గుండెకు తాకించి, తెరకు సలామీ ఇచ్చాడు. తల ఎత్తేసరికి చచ్చిపోయి ఉన్నాడు.

“అరే! ఇదేంది?” అన్నాడు ఉస్తాద్.

“మళ్లీ మొదలుపెడదాం ఉస్తాద్. లేవకండి.”

రెండోసారీ లేచాడు. రెండోసారీ చచ్చాడు. మూడోసారి సగమే లేచి, కూర్చున్నచోటే సలామీ ఇచ్చాడు. అప్పుడూ అంతే!

“తాతా, వాడు సలాం తీసుకోడు, పాణం తీస్తడు!” అని నర్సింలు అరిచాడు. సెంటర్ మొత్తం ఘొల్లుమంది. ఉస్తాద్ ముఖం ఎర్రబడింది. ఖాజా భాయ్ గోడ గడియారం వంక చూశాడు. నా నిపుణుడి సాక్ష్యం నా కళ్లముందే కూలిపోతోంది.

అప్పుడైనా నోరు మూసుకోవాల్సింది. కానీ నాలోని లెక్చరర్ లేచాడు. “ఉస్తాద్, ఒక్క మాట. ఈ సలామీ తాలీంలో బాగుంటుంది, ఊరేగింపులో బాగుంటుంది. నిజమైన యుద్ధంలో శత్రువు సలామీ కోసం ఆగాడనడానికి నేను చదివిన పుస్తకాల్లో ఎక్కడా ఆధారం లేదు. అది అలంకారం మాత్రమే. తీసేసినా పోరులో తేడా రాదు.”

ఉస్తాద్ మెల్లగా మౌస్‌ను పక్కన పెట్టి, తన కర్ర అందుకున్నాడు.

“బయటికి రా సారూ.”

“ఉస్తాద్, నేను ఊరికే...”

“నేను గూడ ఊరికెనే. రా.”

అందరూ బయటకు దూకారు. నాకు ఆయుధం లేదు. ఖాజా భాయ్ లోపలికెళ్లి బూజుకర్ర తెచ్చి ఇచ్చాడు. కొసన ఇంకా బూజు వేలాడుతోంది. నవ్వకండి! ఆ క్షణాన నాకు ధైర్యంగానే ఉంది. పుస్తకాల్లో బొమ్మలు బోలెడు చూశాను: ఎడమ కాలు ముందుకు, కుడి కాలు వెనక్కు, కత్తి భుజం మీదుగా. ముందు చెప్పులు విడవాలి అనుకున్నాను. ఒక చెప్పు విడిచాను. రెండోదాని పట్టీ కోసం వంగాను.

ఠప్!

కర్ర ఎటునుంచి వచ్చిందో తెలియదు. బూజుకర్ర పక్కనున్న మురుగు మోరీలో ఉంది. నేను నేలమీద ఉన్నాను. కుడి మణికట్టు మాత్రం నాది కానట్టుంది. లేవాలని రెండుసార్లు ప్రయత్నించి, కూర్చోవడమే నయమని కూర్చున్నాను.

“ఉస్తాద్!” అన్నాను. “నేనింకా తయారు కాలేదు!”

“అరె, సలామీ వద్దంటివి గద సారూ.” ఆయన నా పక్కన గొంతుక్కూర్చుని, మణికట్టును మెత్తగా పట్టి చూశాడు. “సలామీ అంటే దండం గాదు. ‘నువ్వు తయారా? నేను తయారే’ అని అడుగుడు. నువ్వు తీసెయ్యమంటివి, తీసేసిన. మెల్లగనే కొట్టిన. ఇరగలె, భయపడకు.”

అప్పుడు వినిపించింది నర్సింలు గొంతు, నిజమైన ఆశ్చర్యంతో. “అరేయ్, ఒక్క దెబ్బేరా! సార్ లేస్తలేడు!”

“మెల్లగ కొడ్తేనే గిట్లయింది!” అన్నారు ఇంకెవరో.

ఒక్క క్షణం అందరూ నా వంక చూశారు, నేనేదో శిలాశాసనమన్నట్టు. తర్వాత గుమ్మం దగ్గర తోపులాట. ఆరు కంప్యూటర్లలోనూ కార్లు ఆగిపోయి కత్తులు లేచాయి. అయిదు గంటలు కొట్టేసరికి రిజిస్టర్‌లో ఏడు ‘మంచిగుంది’లు. అన్నిటికంటే పైన నర్సింలుది: ‘ఒక్క దెబ్బకే సస్తరు. కండ్లార చూసిన.’ ఆట బతికింది. నాకు మాత్రం వంతు రాలేదు. వచ్చినా మౌస్ పట్టే చెయ్యి లేదు. ఖాజా భాయ్ తన స్కూటర్ వెనక కూర్చోబెట్టుకొని దవాఖానకు తీసుకుపోయాడు.

ఆ తర్వాత రెండేళ్లు ఆ ఆట అక్కడే ఉంది. తర్వాత కుర్రాళ్లు కనిపెట్టిన పద్ధతిలో ఇద్దరు రెండు కంప్యూటర్లలో ఒకరితో ఒకరు ఆడేటప్పుడు ముందు మౌస్ వదిలి, ప్లైవుడ్ అడ్డం మీదుగా ఒకరికొకరు సలామీ ఇచ్చుకునేవారు. ఎవరూ నేర్పలేదు, ఎవరూ రూలు పెట్టలేదు. ప్రపంచంలో ఆ ఆట ఎక్కడెక్కడ ఆడారో తెలియదు గాని, అలా ఆడింది వనపర్తిలోనే అయి ఉంటుంది. ఇందుకు నా దగ్గర ఆధారం లేదు. అయినా అంటున్నాను. ఫోన్లు చేతికొచ్చాక సెంటర్ మూతపడింది. ఉస్తాద్ కూడా పోయాడు. ఇప్పుడు అటువైపు వెళ్తే కొత్త షట్టరు, కొత్త బోర్డు.

ఆనాటిదంటూ నా దగ్గర మిగిలింది ఒక్క కాగితం, దవాఖాన చీటీ. కట్టు కట్టిన కాంపౌండర్ “ఎట్లయింది సార్?” అనడిగితే, వృత్తిధర్మం ప్రకారం ఉన్నదున్నట్టు చెప్పాను: “కత్తియుద్ధం.” ఆయన నా కళ్లజోడు చూశాడు, బొజ్జ చూశాడు, తల ఊపి ఏదో రాశాడు. బయటకొచ్చి చదివితే, ‘మెట్ల మీది నుంచి జారి పడ్డాడు’ అని ఉంది. కింద సంతకం, ముద్ర, ఇప్పుడు చెరిగిపోయిన తారీఖు. ఏ చరిత్రకారుడూ కాదనలేని సమకాలీన లిఖిత ఆధారం. అప్పట్లో మేముండేది ఒక్క మెట్టు కూడా లేని రేకుల ఇల్లు.