అక్క మళ్ళీ పెట్టిన తప్పు

మా అక్క కుదురుగా కూర్చోవడం నేను చూసింది తక్కువ. అన్నం తింటూ కూడా లేచి వెళ్ళి తలుపు గడియ సరిచేసి వచ్చేది. ఆఫీసుల్లో కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే పనిలో సగం జీవితం నిచ్చెనల మీదే గడిపింది. యాభై దాటాక ఆ ఉద్యోగం మానేసి, నేను లైబ్రరీ చూసుకునే కాలేజీలోనే నెట్‌వర్కింగ్ కోర్సు మొదలుపెడతానంది. కొద్ది నెలల చదువు, అవగానే పిల్లలు ఉద్యోగంలో చేరిపోవాలి. అదీ ఆమె పట్టు.

"కూర్చుని పాఠం చెప్పాలక్కా, నీ వల్ల అవుతుందా?"

"కూర్చుని ఎవడు చెప్తాడ్రా?" అంది.

ప్రిన్సిపాల్ ఒక్క బ్యాచ్‌కి ఒప్పుకున్నాడు. ప్రారంభోత్సవానికి వచ్చే కంపెనీ అధికారి పిల్లల్ని చూసి, ఉద్యోగాల్లోకి తీసుకుంటానంటేనే రెండో బ్యాచ్. లేదంటే కోర్సుకిచ్చిన గది మళ్ళీ విరిగిన బెంచీల పాలే.

అధికారికి తీరిక దొరికేలోగా పాఠాలు మొదలైపోయాయి. గోడ ఇవతల లైబ్రరీలో నాకు అన్నీ వినబడేవి. సగం మాటలు "ఇలా తే, నేను చేస్తా" అనేవే. పిల్లల చేతుల్లోంచి కేబుల్ లాక్కునేది. అంతకుముందు బట్టల షాపులో పనిచేసిన పిల్ల ఒకతి ఒకరోజు అననే అంది: "మేడం, రేపు మా ఉద్యోగానికి కూడా మీరే వస్తారా?"

గది గొల్లుమంది. అక్క ఇల్లు చేరేదాకా గొణుగుతూనే ఉంది.

ప్రారంభోత్సవం రోజున ఆ గదిలోనే ప్రిన్సిపాల్ మైకు పట్టుకుని మాట్లాడుతుండగా వెనక తెర మీద బొమ్మ ఆగిపోయింది. లైబ్రరీ, ఆఫీసు, ఫీజుల కౌంటరు, కాలేజీ అంతటా నెట్ పోయింది. పిల్లలు లేచి, గది మూల కేబుళ్ళన్నీ వచ్చి చేరే పెట్టె చుట్టూ మూగారు. దాని మీది చిన్న దీపాలన్నీ పిచ్చెత్తినట్టు మిణుకుతున్నాయి. అక్క పిల్లల మధ్యలోంచి దూరి ఒక కేబుల్ పట్టి లాగింది. తెర కదిలింది. చప్పట్లు.

"దీని రెండు కొసలూ ఒకే పెట్టెలో గుచ్చారు. పోయిన కబురే తిరిగి తిరిగి వచ్చి దారంతా మూసేసింది. ఎవరి పని ఇది?"

ప్రిన్సిపాల్ మైకు పక్కన పెట్టాడు. "నేనేనమ్మా. వేలాడుతుంటే చూడ్డానికి బాగోలేదని, పక్కనే ఖాళీ ఉంది కదాని..."

"పోన్లెండి సార్. ప్రశ్నపత్రం మీరే ఇచ్చారు."

అధికారి నవ్వాడు. "మీకు పని వచ్చని తెలిసింది మేడం. మరి పిల్లలకో?"

అక్క వెనక్కి తిరిగింది. బట్టల షాపు పిల్ల చాచిన చెయ్యి ఇంకా సగంలోనే ఉంది. అక్క ముఖం వాడిపోయింది. మరుక్షణం, "పిల్లలంతా బయటికి నడవండి" అంది.

"ఏం చేస్తున్నారమ్మా?" ప్రిన్సిపాల్ కంగారు పడ్డాడు.

"తప్పు మళ్ళీ పెడుతున్నా సార్, ఇంకోచోట."

"ఇప్పుడేగా బాగైంది!"

"కాలేజీకి పోయే కేబుల్ తీసేశా. మునిగితే ఈ గది ఒక్కటే మునుగుతుంది."

కేబుళ్ళ వెనక కాసేపు తంటాలు పడి, పిల్లల్ని లోపలికి పంపి, తను వరండాలోకి వచ్చేసింది. "నువ్వెళ్ళి నిలబడరా. నేనుంటే లాక్కుంటాను."

నేను లోపలికి వెళ్ళాను. బట్టల షాపు పిల్ల ఒక కేబుల్ తీసి దీపాలు చూసింది. మార్పు లేదు. మళ్ళీ గుచ్చి ఇంకోటి తీసింది.

"అన్నీ పీకేద్దామే!" అన్నాడు పక్కనున్న కుర్రాడు.

"పీకితే దొంగ ఏదో ఎలా తెలుస్తుంది? ఆగు."

కిటికీలో అక్క తల కనబడింది. "అయిందా?"

"లేదు."

"ఎంతసేపురా!"

"నువ్వెళ్ళక్కా."

అధికారి గడియారం చూసుకున్నాడు. ప్రిన్సిపాల్ నుదురు తుడుచుకున్నాడు. ఆ పిల్ల మాత్రం తీస్తోంది, చూస్తోంది, పెడుతోంది. అలా తీస్తూండగా ఒకసారి దీపాలు నెమ్మదించాయి.

"తీసింది తీసినచోటే పెట్టి ముందుకెళ్ళింది. ఈ అమ్మాయిని మాకు పంపండి" అన్నాడు అధికారి లేస్తూ. ప్రిన్సిపాల్ ఊపిరి పీల్చుకున్నాడు.

అక్క గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఒక్కదాని కోసం కోర్సు నడవదు సార్. మిగతావాళ్ళనీ చూసి వెళ్ళండి."

అధికారి ఆమెను ఎగాదిగా చూశాడు. తర్వాత డ్రైవరుకు ఫోన్ చేసి ఇంకాస్త ఆలస్యమవుతుందని చెప్పి, కుర్చీ పెట్టె దగ్గరికి లాక్కున్నాడు. పిల్లలు మళ్ళీ బయటికి నడిచారు. అక్క అప్పటికే కేబుళ్ళ వెనక్కి దూరింది.