ఆరు వందల మీటర్ల అవతల విజిల్

రెండు వేల ఇరవై మూడు, వానాకాలం. రైలు పట్టాల పనిలో ముప్పై నాలుగేళ్లు చేసి, మేట్‌గా, అంటే గ్యాంగుకు పెద్దగా రిటైరై చందానగర్‌లో ఇంటిపట్టున ఉన్నాను. హైటెక్ సిటీలో ఒక కంపెనీ పిలిచింది. రైల్వే భద్రతా నియమాల ఇంగ్లీషు కాగితాలను కాంట్రాక్టు కూలీల కోసం తెలుగులో చిన్న పుస్తకంగా చేస్తున్నారు. ఒక్కో పేజీ చదివి, పనికి సరిపోతుందనుకుంటే కింద సంతకం పెట్టడం నా వంతు. నేను అక్షరాలు నేర్చింది నలభై దాటాక. ఆ మాట వాళ్లకు ముందే చెప్పాను.

పేజీలు రాసేది శిరీష, కడప అమ్మాయి. చదువు దండిగా ఉంది, పట్టాల మీద మాత్రం ఎన్నడూ కాలు పెట్టలేదు.

చిక్కు లుకౌట్ మ్యాన్ దగ్గర వచ్చింది. గ్యాంగు వంగి పని చేస్తుంటే, రైలు వస్తోందా అని చూసి విజిల్ ఊదేవాడు లుకౌట్ మ్యాన్. అతన్ని ‘తగినంత దూరంలో’ నిలబెట్టాలని కాగితంలో ఉంది. ఎంత దూరమో లేదు. శిరీష ఇంకో పేజీలో ఉన్న ఆరు వందల మీటర్లు తెచ్చి ఇక్కడ వేసింది. అది బ్యానర్ ఫ్లాగ్ దూరం. పట్టాలకు అడ్డంగా ఆ ఎర్రగుడ్డ కట్టడానికి ఎన్నిసార్లు అంత దూరం నడిచానో లెక్క లేదు. తెలిసిన అంకె కనబడగానే సంతకం పెట్టేశాను.

మర్నాడు పుస్తకం ప్రింటుకు వెళ్తుందనగా శిరీష వచ్చింది.

“తాతా, ఒకటి అడుగుతా, కోప్పడొద్దు. అంత దూరం నుంచి ఊదితే పని చేసేటోళ్లకు ఇనపడుతుందా?”

“ముప్పై నాలుగేండ్లు చేసిన. నాకే చెప్పొస్తవా?”

“చెప్పట్లేదు, అడుగుతాండా.”

కోపం తగ్గాక ఆలోచించాను. ఫ్లాగ్ రైలును ఆపుతుంది. లుకౌట్ మ్యాన్ రైలును ఆపలేడు, మనుషులను తప్పిస్తాడు. రెండింటి దూరం ఒకటెట్లా అవుతుంది? మా రోజుల్లో మేట్ నడిచి, మలుపు చూసి మనిషిని నిలబెట్టేవాడు. ఎవరూ అంకె అడగలేదు.

“పా, కిందికి పోదాం” అన్నాను.

పార్కింగ్ దగ్గరి సెక్యూరిటీ గార్డును అడిగి విజిల్ తీసుకున్నాం. శిరీష ఫోన్‌లో కొలుచుకుంటూ ఆరు వందల మీటర్లు వెళ్లింది. పక్కన కొత్త భవనం కడుతున్నారు. ఆ డ్రిల్లింగ్ మోతలో, పారపట్టినవాడిలా నేను వంగి నిలబడ్డాను. టీ తాగుతున్న ఆఫీసు పిల్లలు నవ్వుకున్నారు. ఎంతసేపటికీ ఏమీ వినబడలేదు. ఫోన్ చేశాను.

“ఏంది బిడ్డా, ఇంక ఊదవా?”

“అయ్యో తాతా, మూడుసార్లు ఊదితి. ఈడ పండుకున్న కుక్కలు గూడా లేచి పాయె!”

ఆ పేజీని నమ్మి పనికి దిగే గ్యాంగు గుర్తొచ్చి నాకు నవ్వు రాలేదు.

మేనేజర్ ప్రసాద్ గారిది కాకినాడ. ఆ పేజీ మార్చేదాకా పుస్తకం ఆపమంటే ఆయన ఒప్పుకోలేదు. “మీరే సంతకం పెట్టారు కదండీ బాబాయ్ గారూ. రేపు ప్రింటింగండీ.”

“పెట్టిన. సరిగ్గ చూడక పెట్టిన. మనుషులు సచ్చినంక నా సంతకం ఏం జేస్తది?”

“పోనీ, ఇంకా దగ్గర పెడదామాండీ?”

“దగ్గర పెడితే ఇనబడ్తది, తప్పుకునే టైం ఉండదు. అంకె నేను చెప్ప. రూలు రాసినోళ్లనే అడుగుండ్రి.”

పుస్తకం ఆగింది. రైల్వే వాళ్లకు రాసి అడిగితే మూడు వారాలకు జవాబు వచ్చింది. దూరం రైలు వేగాన్ని బట్టి, మలుపును బట్టి పెట్టాలి. పని మొదలయ్యే ముందు, అక్కడ వాడే మెషీన్ల మోతలోనే విజిల్ ఊదించి చూడాలి. వినబడకపోతే మధ్యలో ఇంకో మనిషిని నిలబెట్టి, మొదటి విజిల్ వినగానే అతనితోనూ ఊదించాలి. శిరీష పేజీ మళ్లీ రాసింది. ఈసారి ఒక్కో వాక్యం ఆమెతో చదివించుకుని, పట్టాల మీద అదెట్లా జరుగుతుందో చెప్పి చూశాకే సంతకం పెట్టాను.

వేలిముద్ర వేసే రోజుల్లో ఏ కాగితం వచ్చినా నలుగురిని పట్టుకుని, ఇందులో ఏముందని అడిగేవాణ్ని. సంతకం వచ్చాక అడగడం మానేశాను. నా చదువు చేసిన నష్టం అదొక్కటే. ఇప్పుడు మళ్లీ అడుగుతున్నాను.