కట్టమ్మ నింపిన సీసా

పెద్దవంగరలో మా కట్టమ్మ చేత నీళ్లు పోయించుకోని పిల్లలు తక్కువ. కాళ్లు బారచాపి, పసిబిడ్డను వాటి మీద పడుకోబెట్టుకుందంటే ఇక కన్నతల్లి కూడా నోరెత్తకూడదు. జ్వరం చూడడానికి థర్మామీటరెందుకు, తన అరచెయ్యి చాలంటుంది. నాకూ ఆమే పోసింది కాబట్టి నేను ఎదురు మాట్లాడను.

మా వాడలోని పద్మలత కూతురికి నలభై రోజులకే జ్వరమొచ్చింది. తండ్రి నగేశ్ భూపాలపల్లి గనిలో డ్యూటీలో ఉన్నాడు. జనగామ దవాఖానకు కట్టమ్మే తోడుపోయింది. రక్తపరీక్షలో ఏమీ తేలలేదు. ఇంత చిన్నపిల్లలకు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వల్ల కూడా జ్వరం వస్తుందనీ, అది మూత్రపిండాలకు పాకితే మూత్రంలో ఒక ప్రోటీన్ పెరుగుతుందనీ, అది కూడా చూసి బాగుంటే ఇంటికి పంపిస్తాననీ డాక్టర్ చెప్పాడు. నర్సు సీసా ఇచ్చి గీత దాకా పట్టమంది.

గంటన్నర కాచుకున్నారు. పద్మలతకు కునుకు పట్టినప్పుడే పిల్ల గుడ్డలో పోసేసింది. మళ్లీ ఎప్పుడు పోస్తుందో ఏమో, ఒళ్లు చూస్తే కాలిపోతోంది. కట్టమ్మకు ఓపిక చచ్చింది. గుడ్డను సీసాలోకి పిండింది. గీత దాకా రాకపోతే నల్లా నీళ్లు కలిపింది.

రిపోర్టులో ఏమీ లేదు. పద్మలత సంబరంగా నగేశ్‌కు ఫోన్ చేసి, సంచి సర్దింది. కట్టమ్మ మాత్రం లేవలేదు. ఒళ్లోని పిల్ల పాలు తాగడం లేదు, వేడి తగ్గడం లేదు. నిజం చెబితే రేపటి నుంచి తన చేతికి బిడ్డను ఎవరిస్తారు? చెప్పకపోతే ఈ బిడ్డ ఏమవుతుంది? ఆటో దాకా వచ్చి వెనక్కి తిరిగింది.

“గది ఉత్త ఉచ్చ కాదు సారూ. గుడ్డ పిండి నీళ్లు కలిపిన. తప్పయింది.”

డాక్టర్ గట్టిగానే తిట్టాడు. పద్మలత ఆమె చేతుల్లోంచి పిల్లను లాక్కుంది. కట్టమ్మను తిట్లకన్నా అదే ఎక్కువ బాధపెట్టింది.

ఈసారి నర్సు పిల్లను చంకల కింద ఎత్తి పట్టుకుని, నడుము రుద్దమని పద్మలతకు చెప్పింది. ఆమె ఎంత రుద్దినా చుక్క రాలేదు. నీళ్లు పోసేటప్పుడు నడుము రుద్దగానే పిల్లలు పోయడం కట్టమ్మ రోజూ చూసేదే. కానీ అడిగే ముఖం లేదు.

“నువ్వే రుద్దు అవ్వా,” అంది పద్మలత చివరికి.

సీసా నిండింది. ఆ ప్రోటీన్ బాగా పెరిగిందని సాయంత్రానికి తేలింది. ఇంటికి పోయుంటే పిల్ల మూత్రపిండాలు చెడేవని చెప్పి, వెంటనే సూదిమందు మొదలుపెట్టారు.

మూడో రోజు కట్టమ్మ పిల్ల నుదుటి మీద అరచెయ్యి పెట్టి చూసింది. చల్లగానే ఉంది. అయినా నర్సును పిలిచి థర్మామీటర్ పెట్టమంది.